టేబులెక్కిన కత్తిపీట

మెషిన్ డ్రాయింగు నేర్పే సెంటర్లో మాధవీలత కంప్యూటర్ మీద గీసిన మొట్టమొదటి గుండ్రం నిమిషం కూడా నిలవలేదు. మౌసు మీది చక్రం ఒక్కసారి గట్టిగా తిప్పిందో లేదో, తెరంతా నల్లబడి గుండ్రం ఎటో వెళ్లిపోయింది. పక్క కుర్చీల్లోని పాలిటెక్నిక్ పిల్లలకి నవ్వుకోవడానికి సరుకు దొరికింది. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి, తొమ్మిదో తరగతి చదివే కూతురున్న తల్లి, వాళ్ల ముందు తెల్లమొహం వేసుకుని కూర్చుంది.

నేర్పే హరిప్రియకి ఇరవై నాలుగేళ్లుంటాయి. బిలాస్‌పూర్‌లోనే కుదుదండ్ పేట నుంచి వచ్చే తెలుగుపిల్లే. "అది ఎక్కడికీ పోలేదు ఆంటీ, మీరే దూరం వెళ్లిపోయారు. జెడ్ కొట్టి ఎంటర్, ఈ కొట్టి ఎంటర్," అంది. కొట్టగానే గుండ్రం బుద్ధిగా వచ్చి మధ్యలో నిలబడింది.

ఆ సాయంత్రం మాధవీలత తోర్వాలోని సెంటరు నుంచి స్కూటీ మీద ఇంటికొచ్చిన వాలకం చూస్తే, ఇక ఆ సెంటరు గుమ్మం తొక్కదనే ఎవరైనా అనుకుంటారు. కాని అలా అనుకునేవాళ్లకి మాధవీలత తెలియదు. పలాస నుంచి బిలాస్‌పూర్ కాపురానికి వచ్చిననాడు ఒక్క హిందీ ముక్క రాదు. కూరల బండివాళ్లతో రోజూ దెబ్బలాడి దెబ్బలాడి హిందీ నేర్చుకున్న మనిషి. ఒక మౌసుకి లొంగుతుందా? మర్నాడు అందరికంటే ముందెళ్లి కూర్చుంది.

ఇంట్లో ఆవిడకి ఇంకో గురువు తయారయ్యాడు. మావగారు ఎర్రయ్య. రైల్వే లోకో షెడ్డులో ముప్ఫై ఆరేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరై, ఇప్పుడు కొడుకు క్వార్టర్లో ఉంటున్నాడు. కొడుకు రమణబాబు గూడ్సు బండ్ల లోకో పైలట్. ఎప్పుడు డ్యూటీకి వెళ్తాడో ఎప్పుడు దిగుతాడో అతనికే తెలియదు కాబట్టి, కోడలు లాప్‌టాప్ తెరిస్తే పక్కన స్టూలు వేసుకు కూర్చునేది ఎర్రయ్యే. డ్రాయింగంటే ఆయనకి దేవుడి పటమంత భక్తి. ఆ కాగితం ముందు చెప్పులు విప్పమన్నా విప్పుతాడు.

"అమ్మా, పైనుంచి సూసిన బొమ్మ పైన ఎట్టకూడదు. ముందునుంచి సూసిన బొమ్మకి కిందెట్టాల. మన దేశం లెక్క అదే."

"సెంటర్లో కూడా అదే చెప్పారు మావయ్యా."

"సెప్తారు మరి. సెప్పకపోతే నానూరుకుంటానేటి?"

గీత గీయడం, దానికి సరిగ్గా ఇంత దూరంలో ఇంకో గీత వేయడం, ఎక్కువైన ముక్క కత్తిరించడం, చివరికి కొలతలు రాయడం. నాలుగు నెలల్లో మాధవీలత చెయ్యి తిరిగింది. నిజం చెప్పాలంటే అందులో ఏదో మత్తు కూడా ఉంది. పొద్దున్నుంచి చేసిన ఇంటిపని సాయంత్రానికి ఎవరికీ కనబడదు. తెర మీద వేసిన గీత మాత్రం మర్నాటికి కూడా అక్కడే ఉంటుంది. ఈ పని దొరికితే బాగుండును, అని మొదటిసారి అనుకున్నప్పుడు ఆవిడకే సిగ్గేసింది. రెండోసారి అనుకున్నప్పుడు సిగ్గెయ్యలేదు.

తోర్వాలోనే బంగార్రాజు అనే ఆయనకి వర్క్‌షాపు ఉంది. విజయనగరం వైపు మనిషి. క్యాంటీన్లకి, వంటశాలలకి స్టీలు సామాన్లు చేయిస్తాడు. డ్రాయింగులు వేసే మనిషి కావాలని హరిప్రియ దగ్గర అన్నాడట. మాధవీలత వెళ్లింది. ఆయన సర్టిఫికెట్టు అడగలేదు.

"ఇంట్లో వాడుకునే వస్తువు ఏదైనా ఒకటి, కొత్తగా ఆలోచించి గీసి తేమ్మా. ఆ కాగితం మా మేస్త్రీ రాంప్రసాద్‌కి ఇస్తాను. అతను ఒక్క ప్రశ్న అడక్కుండా చేయగలగాలి, చేసింది పనికి రావాలి. నువ్వు పక్కనుండి చెప్పడానికి లేదు, కాగితమే చెప్పాలి. ఇద్దరు డిప్లొమా కుర్రాళ్లు ఇక్కడే తేలిపోయారు."

ఏం గీయాలో ఆలోచించే పనే లేకపోయింది. అత్తగారు అసిరమ్మ ఆరు నెలలుగా కత్తిపీట ముందు కూర్చోలేదు. మోకాళ్లు అరిగిపోయాయి, నేల మీద కూర్చుంటే ఇక లేవలేరని డాక్టరు చెప్పేశాడు. కోడలు చాకుతో తరిగితే ఆవిడ మొహం అటు తిప్పుకుంటుంది. "వొంకాయిని అలగ పొడిసి సంపుతారేటే? తరగాల గాని," అంటుంది. పోనీ తనే కూర్చుని తరుగుదామంటే కుదరదు. ఆ కోపమంతా టీవీ మీదా, టీవీ పెట్టినవాళ్ల మీదా పోతోంది. కుర్చీలో కూర్చుని టేబుల్ మీద తరుక్కునే కత్తిపీట ఉంటే? పీట జారకుండా కాలితో తొక్కిపట్టే పని ఇక్కడ కుదరదు కాబట్టి, టేబుల్ అంచుని కరిచి పట్టుకునే బిగింపు ఒకటి కావాలి.

అసిరమ్మ ఒప్పుకుంది గాని, ఒక షరతు పెట్టింది. కత్తి మాత్రం తన పాతదే ఉండాలి. పైగా కొత్తది తయారయ్యేదాకా దాన్ని పీటలోంచి పీకడానికి వీల్లేదు. "పీకినాక మీ బొమ్మ కుదర్లేదంటే నా కత్తి గతేటి?" అంది.

టేబుల్ మందం, కుర్చీ ఎత్తు, అత్తగారి మోచేతి ఎత్తు మాధవీలత టేపుతో మిల్లీమీటర్లలో కొలుచుకుంది. కత్తి అడుగు భాగం మాత్రం పీటలో దిగిపోయి ఉంది. "దానికి కొలవడమెందుకు? నా సేత్తో బిగించినాను. ఎడల్పు అంగుళం ఆరు సూత్," అన్నాడు ఎర్రయ్య, షెడ్డులో వాడే పాత లెక్కలో. పుస్తకంలో ఒకటి, గీత, ఆరు అని రాసుకుంది. వారం రోజులు కూర్చుని మూడు వైపుల బొమ్మలూ గీసి, కొలతలన్నీ వేసి, బంగార్రాజు చేతిలో పెట్టింది.

రెండ్రోజుల తర్వాత ఫోనొచ్చింది, కత్తి తీసుకు రమ్మని. అసిరమ్మ దేవుడికి దండం పెట్టుకుని మరీ పీకనిచ్చింది. ఎర్రయ్య దాన్ని గుడ్డలో చుట్టి స్కూటీ వెనక కూర్చున్నాడు.

రాంప్రసాద్ చేసిన వస్తువు చూడగానే మాధవీలత దగ్గరికెళ్లి వేలితో తడిమింది. తన బుర్రలో ఉన్నది, తెర మీద గీసినది, ఇనుమై బల్ల మీద కూర్చుంది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదట. "డ్రాయింగ్ ఏక్‌దమ్ సాఫ్ థా, దీదీ," అన్నాడు, కాగితం అంత స్పష్టంగా ఉందని. బంగార్రాజు బయట లారీవాడితో మాట్లాడుతున్నాడు. ఎర్రయ్య గుడ్డ విప్పి కత్తిని గాడిలో పెట్టాడు.

అది దిగలేదు. తిప్పి పెట్టాడు. అప్పుడూ దిగలేదు. దాదాపు నాలుగు మిల్లీమీటర్లు ఇరుకు.

ఎర్రయ్య ఒక్క క్షణం కోడలి మొహం చూశాడు. తర్వాత సంచిలోంచి ఆకురాయి తీశాడు. అది లేకుండా ఆయన పెళ్లికి కూడా వెళ్లడు. "ఇరవై నిముషాలమ్మా. ఆయన లోనికి ఒచ్చీసరికి అరగదీసీగలను." రాంప్రసాద్ కూడా జాలిపడ్డాడు. "హాఁ దీదీ, ఘిస్ దేతే హైఁ. సాబ్‌కో క్యా పతా చలేగా," అన్నాడు, అరగదీసేస్తే సారుకేం తెలుస్తుందని, తలుపు వైపు ఒక కన్నేసి.

మాధవీలత కాగితం అందుకుని చూసింది. గాడి వెడల్పు 40.6 అని ఉంది. అంటే ఒకటి పాయింట్ ఆరు అంగుళం. "మావయ్యా, సూత్ అంటే అంగుళంలో పదో వంతు కాదా?"

"పదోదేటి? ఎనిమిదో ఒంతు. ఆరు సూత్ అంటే ముప్పావు అంగుళం." అన్నాక ఆయనకీ సంగతి అర్థమైంది. "నాదే తప్పమ్మా, నాను ఇడమర్చి సెప్పలేదు. ఉండు, అరగదీసీస్తాను."

ఊరుకుంటే అయిపోయేది. ఆ ఇరవై నిముషాలూ బయట లారీ కదలకుండా ఉంటే, ఉద్యోగం ఆవిడదే. ఆ ఆశ ఆవిడకి కలగలేదని చెబితే అబద్ధమే అవుతుంది. ఆకురాయి గాడి మీద రెండుసార్లు గీరిన చప్పుడు కూడా అయింది. అప్పుడు ఆవిడ మావగారి చెయ్యి పట్టుకుంది.

"వద్దు మావయ్యా. ఇది సరిపోతుంది. కాని రేపు ఈ కాగితం చూసి చేసే పదీ సరిపోవు కదా."

తనే బయటికెళ్లి బంగార్రాజుని పిలుచుకొచ్చింది. కొలత తప్పు వేశానని చెప్పింది. ఎర్రయ్య అడ్డుపడి ఏదో అనబోతే, "గీసింది నేను," అంది. బంగార్రాజు కాగితాన్ని వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఆ డిప్లొమా కుర్రాళ్లిద్దరూ రాంప్రసాద్‌దే తప్పన్నారు," అన్నాడు చివరికి. తర్వాత కాగితం మూలన ఉన్న గళ్ల మీద వేలు పెట్టాడు. "గీసినవారు, మాధవీలత. బాగుంది. కింద 'సరిచూసినవారు' గడి ఖాళీగా ఉందేం? ఇంకొక మనిషి కన్ను పడని కాగితం నా షాపులోకి రాకూడదమ్మా. రేపు పది గంటలకి ఆ గడి నింపుకురా. ఈసారి కుదరకపోతే ఇంక మనం మాట్లాడుకోవద్దు."

ఎర్రయ్య ఆకురాయిని సంచిలో కుక్కి స్కూటీ వెనక కూర్చున్నాడు. నలుగురిలో చెయ్యి పట్టుకుని ఆపానని పెద్దాయనకి కోపమొచ్చిందేమోనని మాధవీలతకి దారంతా ఒకటే బెంగ. క్వార్టర్ ముందు స్కూటీ ఆపాక, ఆయన దిగి అక్కడే నిలబడ్డాడు.

"బయటి కాంట్రాక్టర్లు పంపిన సామాను ఎన్నిసార్లో బిగింపుకి దిగీది కాదమ్మా. ఆకురాయి తీసీడం, అరగదీసీడం, నోరు మూసుకోడం. పనంటే అదే అనుకున్నాను. గీసినోళ్లు ఒచ్చి మాది తప్పని ఒక్కనాడూ అన్లేదు. ఈయాల నువ్వన్నావు." అని గబగబా లోపలికి వెళ్లిపోయాడు. మాధవీలత కళ్లు తుడుచుకుని తాళం చెవి కోసం వెతికింది. అది స్కూటీకే ఉంది.

మధ్యాహ్నం గాడి కొలత మార్చి, కొత్త కాగితం అచ్చు తీయించుకొచ్చింది. ఎర్రయ్య కళ్లజోడు పెట్టుకుని, ఎర్ర పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాడు. ఒక్కొక్క కొలతా చూడటం, టేబుల్ దగ్గరికెళ్లి కొలవడం, వచ్చి టిక్కు పెట్టడం. కత్తిని కూడా కొలిచాడు, తన జ్ఞాపకాన్ని కూడా నమ్మకుండా. అసిరమ్మని రెండుసార్లు కుర్చీలో కూర్చోబెట్టి లేపాడు. "నన్ను కూడా అరగదీస్తావేటి?" అని ఆవిడ విసుక్కుంది.

చివర్లో పెన్సిలు ఆగింది. "కత్తి కింది పలక మూలలు గుండ్రం చెయ్యమని ఎక్కడ రాసేవు?"

"రాయలేదు మావయ్యా. రాంప్రసాద్ ఎలాగూ చేస్తాడు కదా, మొదటిదానికి చేశాడు."

"అతను మంచోడు కాబట్టి సేసినాడు. ఇంకొకడు సెయ్యడు. మీ అత్త సెయ్యి కోసుకుంటాది. రాయి."

కోడలని కూడా చూడలేదు. ఆవిడ మళ్లీ రాసింది, మళ్లీ అచ్చు తీయించింది. ఆయన మళ్లీ మొదటినుంచీ టిక్కులు పెట్టాడు. అంతా అయ్యాక పెన్ను ఇస్తే మాత్రం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అది ఇంజనీర్ల గడమ్మా. నాను ఫిట్టర్ని."

"నాలుగు సార్లు చూసినా నాకు కనబడని తప్పు మీకు కనబడింది. ఆ గడి మీది కాకపోతే ఇంకెవరిది మావయ్యా?"

ఆయన పెన్ను పట్టుకుని, ముందు పాత పేపరు మీద రెండుసార్లు రాసి చూసుకున్నాడు. తర్వాత గడి గీత తగలకుండా, తెలుగులో, ఎర్రయ్య అని రాశాడు.

మర్నాడు ఆ కాగితం చూసి రాంప్రసాద్ రెండోది చేశాడు. కత్తి గాడిలో దిగి కూర్చుంది, గట్టిగా ఊపినా కదల్లేదు. బంగార్రాజు పొగడలేదు. "సోమవారం తొమ్మిదిన్నరకి వచ్చేయమ్మా," అన్నాడు. ఎర్రయ్య వైపు తిరిగి, "మీరు కాగితాలు ఇంటికి పంపితే చూస్తారా, లేక వచ్చి చూస్తారా?" అని అడిగాడు. ఎర్రయ్య ఆలోచించి చెప్తానన్నాడు. ఆలోచించడానికి ఏమీ లేదని ఆయన మొహమే చెప్పేస్తోంది.

సోమవారం పొద్దున్న మాధవీలత గాభరాగా లేచి వంటింట్లోకి పరిగెత్తింది. వంట, టిఫిను, కూతురి స్కూలు, అన్నీ ముగించి తొమ్మిదిన్నరకి చేరడం ఎలాగా అని రాత్రంతా లెక్కలు వేసుకుంటూనే ఉంది. లోపల దీపం వెలిగే ఉంది. అసిరమ్మ టేబుల్ అంచుకి బిగించిన కొత్త కత్తిపీట ముందు కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా తరిగిన వంకాయ ముక్కలు గిన్నెడు, ఉల్లిపాయలు గిన్నెడు. పొయ్యి మీద అన్నం అప్పటికే ఉడుకుతోంది.

"నువ్వేటిక్కడ? పో, తానం సెయ్యి," అంది అసిరమ్మ తలెత్తకుండానే.

మాధవీలత చీర కట్టుకుని వచ్చేసరికి స్టీలు క్యారేజీ సిద్ధంగా ఉంది. మూడు గిన్నెలు, పైన మూత, చుట్టూ తువ్వాలు. అసిరమ్మ కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడిచొచ్చి దాన్ని కోడలి చేతికిచ్చింది. ఆ ఇంట్లో డ్యూటీకి వెళ్లేవాళ్లకి గుమ్మంలో చెప్పే మాట ఒకటుంది. ముప్ఫై ఆరేళ్లు మొగుడికి చెప్పింది, ఆ తర్వాత కొడుక్కి చెబుతోంది. ఇన్నేళ్లలో మాధవీలత ఆ మాట లోపల నిలబడి వినడమే గాని, తనతో అన్నవాళ్లు లేరు.

"జాగర్తగా డూటీ సేసుకో. దిగగానే తిన్నగా ఇంటికొచ్చీ," అంది అసిరమ్మ.