గోతి నీళ్ళ పప్పు

"పప్పు పలుకుంది" అన్నారు ఆయన. నేను కాపరానికొచ్చిన మూడో రోజది. అంతకు ముందు నాతో ఏమైనా అన్నారేమో నాకు గుర్తులేదు. విస్తరి ముందుకు తోసేసి లేచిపోయేరు. మా అత్తగారు బుచ్చమ్మగారు గడప మీద నిలబడి, "మీ అమ్మ నీకు పప్పు ఉడకెయ్యడం కూడా నేర్పలేదా వీరాయమ్మా?" అంది.

మాది ఆలమూరు. గోదారి నీళ్ళు. మా ఇంట్లో పప్పు పొయ్యి మీద పడేసి, వాకిలి ఊడ్చి వచ్చేసరికి వెన్నలా విచ్చుకునేది. రాజోలు దిగువన, సముద్రానికి దగ్గరగా ఉన్న ఈ కొత్తమెరకలో నన్నిచ్చేరు. ఇక్కడ సగం నేల పర్ర. ఎండితే తెల్లగా ఉప్పు పొంగుతుంది. ఏ పెరట్లో బావి తవ్వినా ఉప్పునీళ్ళే. ఆ నీళ్ళలో కందిపప్పు మధ్యాహ్నం దాకా మరిగినా గులకరాళ్ళలా గిరగిరా తిరుగుతుంది తప్ప మెత్తబడదు. కాలువ వదిలిన రోజుల్లో చెరువు నిండుతుంది, అప్పుడు ఫరవాలేదు. ఎండాకాలం లాకులు మూసేక చెరువు పచ్చగా నాచు పడుతుంది. అప్పుడిక ఊరికి మైలున్నర దూరంలో ఇసుక దిబ్బే గతి. ఆ దిబ్బలో చెలమలు తవ్వుకుని, ఊరిన నీళ్ళు కొబ్బరి చిప్పతో తోడి, బిందె నింపుకోవాలి. ఒక బిందె నిండడానికి ఎంతసేపు పడుతుందో మగవాళ్ళకి తెలీదు. వాళ్ళకి తెలిసింది పప్పు మెత్తగా ఉండాలని.

నెత్తి మీద ఒకటి, చంకలో ఒకటి. రోజుకి రెండు తడవలు. మధ్యాహ్నమైతే ఇసుక కాలిపోయేది. సరుగుడు రొట్ట విరిచి కింద వేసుకుని దాని మీద కాసేపు నిలబడి, మళ్ళీ పరిగెత్తేదాన్ని. నడుం ఎముక ఒకటి పక్కకి జరిగింది. అడిగితే అత్తగారు, "నేను మొయ్యలేదా, నాకేమైంది?" అనేది. ఆమెకేమైందో ఎదురుగా కనపడుతూనే ఉండేది. మనిషి విల్లులా వంగిపోయింది. ఆ వంగిన నడుం నాకూ రావాలని ఆమె కోరిక. ఇరవై ఏళ్ళలో పప్పు ఉడకని రోజల్లా నా చెయ్యి మంచిది కాదన్నారు. నీళ్ళు మంచివి కావని ఒక్కరూ అనలేదు. ఆయన వంటింటి గడప తొక్కి ఎరగరు. పొయ్యి మీదికి ఏ నీళ్ళు ఎక్కుతాయో ఆయనకి తెలీదు.

దిబ్బ కింద పేట ఉంది. ఆ పేటలో మార్తమ్మ ఉండేది. పేటవాళ్ళ చెలమ వేరు, మా చెలమ వేరు. ఓ రోజు నేను తవ్వుకున్న చెలమ కూలిపోయింది. ఇసుకంతా లోపలికి దిగిపోయింది. ఖాళీ బిందెతో ఇంటికెళితే ఏమవుతుందో తలుచుకుని కూర్చుండిపోయేను. మార్తమ్మ దూరంగా నిలబడే అంది, "అక్కడ తవ్వకండమ్మగారూ, మళ్ళీ కూలుద్ది. ఆ రెండు తాడిచెట్ల మధ్యన తవ్వండి. అక్కడ చక్కెరలాగుంటాయి నీళ్ళు. ఇవాళ్టికి మా చెలమలో తోడుకోండి. మీ అత్తగారికి నేను చెప్తానా, మీరు చెప్తారా?"

తోడుకున్నాను. ఆ రోజే కాదు, చాలా రోజులు. అత్తగారు ఆ నీళ్ళతోనే నైవేద్యం వండించి దేవుడి ముందు పెట్టేది. నేను చూస్తూ ఊరుకునేదాన్ని. నాకున్న సుఖం అదొక్కటే.

నాకు ఒక్కతే కూతురు, తులసి. పిల్లకి ఏడో ఏడు వచ్చిన ఎండాకాలం, పంచాయతీ ఎన్నికల మాటలకని ఆయన పదిమందిని భోజనానికి పిలిచేరు. పొద్దుటినుంచి నాలుగు బిందెలు తెచ్చేను. కాఫీకి ఒకటి, తాగడానికి ఒకటి, మిగతావి పప్పుకి, అన్నానికి. తులసి ఎండలో ఆడి వచ్చి, "నాన్నమ్మా, మంచినీళ్ళు" అంది. అత్తగారు బిందె మీద మూత తియ్యలేదు. "పప్పుకే చాలవు. చెరువు నీళ్ళు తాగు, ఏం, నువ్వు కలెక్టరువా?" అంది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. విన్నాను. లేవలేదు. లేస్తే పప్పుకి నీళ్ళు తగ్గుతాయి. తగ్గితే పదిమందిలో ఆయన నోరు లేస్తుంది. అదీ నా లెక్క. పిల్ల గ్లాసు పట్టుకుని చెరువు వైపు వెళ్ళడం కిటికీలోంచి చూసేను.

మర్నాడు వాంతులు, విరేచనాలు. మూడో రోజు పిల్ల లేదు. ఆయన వాకిట్లో కూర్చుని, వచ్చినవాళ్ళందరితో, "దాని ఆయుష్షు అంతేనండి" అన్నారు. చుట్టాలందరికీ భోజనాలు పెట్టిన రోజున మళ్ళీ నేనే నీళ్ళు మోసేను, నేనే వండేను. రెండో ముద్ద నోట్లో పెట్టుకుని ఆయన అన్నారు, "ఇవాళ పప్పు బాగా మెత్తగా కుదిరింది."

ఆ మాట నేను ఆరేళ్ళు దాచుకున్నాను. పట్టుచీరలు దాచుకునే పెట్టెలో ఉన్నట్టు ఉండేది లోపల. అప్పుడప్పుడు తీసి చూసుకునేదాన్ని. మాసిపోలేదు.

ఆయన పంచాయతీ ప్రెసిడెంటు అయ్యేరు. బంగారరాజు గారంటే రాజోలు దాకా తెలుసు. మద్రాసు నుంచి మన రాష్ట్రం విడిపడ్డాక సర్కారువారు ఊళ్ళకి గ్రాంట్లు ఇవ్వడం మొదలుపెట్టేరు. సగం సర్కారు ఇస్తుంది, సగం ఊరివాళ్ళు చాకిరీ చెయ్యాలి. మొదట నాటకాల అరుగుకి వచ్చింది గ్రాంటు. మట్టి మోసింది మేం ఆడవాళ్ళం. రాతి పలక మీద చెక్కింది ఆయన పేరు. దాని మీద ఒక్క నాటకం ఆడేరు. ఇప్పుడు మా వడ్లు ఆరబోస్తున్నారు.

తర్వాత మంచినీళ్ళ బావికి వచ్చింది. అది విన్న రోజు ఆయన అన్నం తింటూ ఉంటే, తలుపు చాటునుంచి అన్నాను, "దిబ్బ మీద తాడిచెట్ల మధ్యన తవ్విస్తే నీళ్ళు బాగుంటాయండి."

"నిన్నెవరడిగేరు?" అన్నారు. "పేట పక్కన తవ్వించి, ఆ జనం తోడుకుంటుంటే మనం చూస్తా కూర్చోవాలా? బావి మన వాకిట్లోనే. గ్రాంటు బావి అందరిదీ అని రాస్తారు కాగితం మీద. మన వాకిట్లో ఉంటే ఎవరు గేటు దాటాలో మనమే చెప్తాం."

వాకిట్లో పరీక్ష గొయ్యి తవ్వించేరు. రెండు నిలువుల లోతున నీళ్ళు పడ్డాయి. నేను వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. ఊరగాయ ఊట నయం.

బ్లాకు ఆఫీసరు గారు స్వయంగా వచ్చి నీళ్ళు రుచి చూసి సంతకం పెడితేనే గ్రాంటు ఖాయం. ఆయన్ని భోజనానికి పిలిచేరు. ఆ పొద్దున్న ఈయన పెరట్లోకి వచ్చి, నా మొహం చూడకుండా చెప్పేరు.

"దిబ్బనుంచి మంచినీళ్ళు తెచ్చి పెట్టు. ఆఫీసరు నీళ్ళడిగితే, చెంబులో ఆ నీళ్ళు పోసుకుని గోతి దగ్గరికెళ్ళి, మట్టి గుట్ట చాటున వంగి లేచి పట్టుకురా. గోతిలోంచి తోడినట్టుండాలి. తెలిసిందా?"

"ఆయ్" అన్నాను. "మరి వంటకి ఏ నీళ్ళు పొయ్యమంటారండీ?"

"వంట గొడవలు నన్నడుగుతావేమే? ఏవో ఒకటి పోసి ఏడు."

ఆయన నోటితోనే చెప్పించేను. ఇరవై ఏళ్ళుగా పప్పు తిన్నారు. పప్పుకీ నీళ్ళకీ సంబంధం ఉందని ఆయనకి ఎప్పుడూ తట్టలేదు.

దిబ్బకి వెళ్ళి ఒక్క బిందె తెచ్చేను. ఒక్కటే. అన్నానికీ కూరకీ అందులోవే పోసేను. కందిపప్పు శుభ్రంగా కడిగి, గోతి నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టేను. సరుగుడు కట్టెలు బాగా మండుతున్నాయి. పప్పు పైకి లేచి, కిందికి దిగి, దేనికది విడివిడిగా తిరుగుతోంది. అంత ఇష్టంగా నేను ఎప్పుడూ వంట చెయ్యలేదు. గరిటెతో రెండు బద్దలు తీసి వేళ్ళ మధ్య నొక్కేను. చితకలేదు. మళ్ళీ గంట ఆగి నొక్కేను. చితకలేదు. అత్తగారు గోడ పట్టుకుని వచ్చి, "ఉడికిందా?" అంది. "ఉడుకుతోందండి" అన్నాను. కళ్ళు సరిగ్గా కనపడవు ఆమెకి. వాసన చూసి వెళ్ళిపోయింది.

ఆఫీసరు గారు చిన్నవాడే. కాలువ గట్టు మీద జీపు ఆపి నడిచి వచ్చేరు. మునసబు, ఊళ్ళో పెద్దలు నలుగురు వెనకాల ఉన్నారు. విస్తళ్ళు వేసేను. "ముందు ఆ నీళ్ళు చూద్దామండీ" అన్నారు ఆఫీసరు గారు. నేను చెంబు పట్టుకుని గోతి దగ్గరికి వెళ్ళేను. వంగేను. లేచేను. తెచ్చి గ్లాసులో పోసేను.

గటగటా తాగేరు. "అబ్బ! కొబ్బరి నీళ్ళలా ఉన్నాయండీ."

"మరేనండి, మా వాకిటి చలవ" అన్నారు ఈయన. మీసం మీద చెయ్యి పడింది.

"భోంచేసి సంతకం పెట్టేస్తానండి" అని ఆఫీసరు గారు కాగితాల సంచీ పక్కన పెట్టుకున్నారు. అందరికీ పప్పు వడ్డించేను. నెయ్యి కూడా ధారాళంగా పోసేను. ఆఫీసరు గారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. కర్రుమంది. దవడ ఆగిపోయింది. మర్యాదస్థుడు, నమలకుండా మింగేసి, "పప్పు కొంచెం... పలుకుందండి" అన్నారు.

ఈయన తన విస్తట్లో చూసుకున్నారు. మొహం కందగడ్డ అయింది. "చూసేరా అండీ! ఇరవై ఏళ్ళయింది, దీనికి పప్పు ఉడకెయ్యడం రాలేదు. చెయ్యే దరిద్రపు చెయ్యండి!" అని అరిచేరు. పెద్దలు నవ్వేరు. లోపల్నుంచి అత్తగారు అందుకుంది, "మొదటిరోజునుంచీ ఇంతేనండి బాబూ, మా ఖర్మ."

నేను తలుపు చాటుకి వెళ్ళలేదు. గరిటె పట్టుకుని అక్కడే, ఆ విస్తళ్ళ మధ్యన నిలబడ్డాను.

"చెయ్యి కాదండి, నీళ్ళు" అన్నాను. "తమరు తాగినవి దిబ్బ నీళ్ళండి. మైలున్నర నుంచి పొద్దున్న నేను మోసుకొచ్చినవి. గోతిలోంచి తోడినట్టు తెమ్మని ఈయన చెప్పేరు. పప్పు మాత్రం ఈ గోతి నీళ్ళతో వండేను. ఊరంతా రేపట్నుంచి ఏం తినాలో, తమరే ముందు తిన్నారు."

ఆఫీసరు గారు ఎంగిలి చేత్తోనే లేచేరు. చెయ్యి కడుక్కుని గోతి దగ్గరికి వెళ్ళి, చేంతాడుతో బకెట్టు దింపి, దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేసేరు. ఈయన వెనకాల పరిగెత్తి, "ఆడదాని మాటండి, బుర్ర సరిగ్గా లేదండి దానికి, పిల్ల పోయినకాణ్ణుంచీ..." అన్నారు. తులసి మాట ఆయన నోట ఆరేళ్ళకి వచ్చింది. అదీ అందుకు.

"ఆడదాని మాట కాదండి ప్రెసిడెంటు గారూ, ఉప్పు. నా నోట్లోనే ఉంది" అన్నారు ఆఫీసరు గారు. నా వైపు తిరిగి, "ఆ దిబ్బ ఎక్కడమ్మా?" అన్నారు.

"నేను చూపిస్తానండి."

నడివీధిలో, మగవాళ్ళందరికీ ముందు నడిచేను. ఆ దారిలో నెత్తి మీద బిందె లేకుండా నడవడం అదే మొదటిసారి. మెడ ఎంత తేలిగ్గా ఉంటుందో అప్పుడు తెలిసింది. మార్తమ్మ చెలమ దగ్గర ఉంది. "ఎక్కడ తవ్వాలో ఈమె చెప్పాలండి. నాకు చెప్పింది కూడా ఈమే" అన్నాను. రెండు తాడిచెట్ల మధ్య మార్తమ్మ కాలితో గీత గీసింది. ఆఫీసరు గారు ఆ గీత మీద కర్ర పాతించేరు.

సాయంత్రం ఈయన చెయ్యెత్తేరు. నేను కదల్లేదు. "కొట్టండి. ఎల్లుండి కొలతలకి వస్తారట. మళ్ళీ నన్నే రమ్మన్నారు. వాతలు కూడా చూపిస్తాను" అన్నాను. ఎత్తిన చెయ్యి గాలిలో ఏం చెయ్యాలో తెలియక తల గోక్కుంది.

అక్కడే బావి తవ్వేరు, వరలు దింపేరు, గట్టు కట్టేరు. ఎవరి పేరూ చెక్కలేదు. మొదటి బకెట్టు మార్తమ్మ తోడింది. ఊళ్ళో కొందరు గొణిగేరు. నాలుగు రోజులు రాలేదు. లాకులు మూసేక దాహం వేసింది, వచ్చేరు.

నేను పొద్దున్నే వెళ్ళి ఒక చిన్న బిందె తెచ్చుకుంటాను. నా ఒక్కదానికి. నా అన్నానికి, నా పప్పుకి, నాకు. మా వాకిట్లో గొయ్యి పూడ్చనివ్వలేదు. ఆయనకీ అత్తగారికీ అందులోవి తోడి వండుతున్నాను. రోజూ పప్పు చేస్తాను. మానను.

మొదట్లో విస్తరి విసిరేవారు. ఆకలి వేస్తే విసరడం మానేసేరు. ఇప్పుడు నెమ్మదిగా అంటున్నారు, "ఆ దిబ్బ బావినుంచి ఇంకో బిందె తేవచ్చు కదే."

"మీరే తెచ్చుకోండి. బొక్కెన అక్కడే ఉంటుంది. ఎవరైనా తోడుకోవచ్చని గ్రాంటు కాగితంలో రాసేరు."

వెళ్ళరు. పేటవాళ్ళ వెనకాల వరసలో నిలబడాలి. అది ఆయనకి నాకంటే ముందే తెలుసు.

నిన్న ముద్ద నోట్లో పెట్టుకుని, నమల్లేక, కళ్ళనీళ్ళు తిరుగుతుంటే నా వైపు చూసేరు. "ఈ నీళ్ళతో నన్ను చంపుతావా వీరాయమ్మా?" అన్నారు. ఇరవై ఏళ్ళలో నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

"చావరండి" అన్నాను, ఇంకో గరిటె వడ్డిస్తూ. "ఉప్పగా ఉంటాయి, అంతే. తులసి తాగిన వాటికంటే మంచివి."