ఆ గంట నొక్కింది ఆయన కాదు

ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం మీద కండక్టరు గారికి నమ్మకం లేదు. ఉద్యోగమన్నాక బయటికి వెళ్ళాలి, ఎండ తగలాలి, నలుగురితో నోరు పారేసుకోవాలి, సాయంత్రం కాళ్ళు పీకుతూ ఇల్లు చేరాలి. ఆయన బస్సులో అలాగే బతికి, అలాగే పింఛను పుచ్చుకున్నాడు. అందుకని చిన్నకూతురు తనకు రాజధానిలో ఉద్యోగం వచ్చిందనీ, అదీ ఇంట్లోంచే చేయాలనీ చెప్పినప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఒకటే. ఇంట్లో కూర్చునేదానికి అంత ఖరీదైన ఊళ్ళో కూర్చోవడం దేనికి?

ఇంట్లో అందరూ ఆ పిల్లను గువ్వ అంటారు. కరెంటు పోయినా, నెట్ ఆగినా వెంటనే ప్రధాన కార్యాలయానికి వచ్చి కూర్చోగలిగినంత దగ్గరలో ఉండాలని కంపెనీ షరతు పెట్టిందని గువ్వ చెప్పింది. ఆ షరతు కోసం జీతంలో సగం ఇంటి యజమాని చేతిలో పోసి ఒక గది తీసుకుంది. ఆ గదిలో మంచం మీద కూర్చునే పొయ్యి ఆర్పవచ్చు. వీధి తలుపు తీయాలంటే ముందు కుర్చీని బల్ల కిందికి తోయాలి. కిటికీ దగ్గర ఒక మందపాటి దుప్పటి అడ్డంగా వేలాడుతూ ఉంటుంది. దాని వెనక చిన్న బల్ల, కంప్యూటరు, చెవులకు పెట్టుకునే హెడ్‌సెట్. గువ్వ ఆఫీసు అంతే.

కండక్టరు గారి భార్య పెద్దకొడుకు ఇంటికి పసిబిడ్డను చూసుకోవడానికి వెళ్ళింది. మామగారు కూడా వస్తే బిడ్డకు నిద్ర పట్టదేమోనని కోడలు చాలా మర్యాదగా అన్నది. అందులో అబద్ధమేమీ లేదు. బస్సు ఇంజను మోతను దాటి వినబడేలా తయారైన గొంతు అది, తగ్గించమంటే తగ్గేది కాదు. అలా ఆయన గువ్వ దగ్గరికి వచ్చి పడ్డాడు.

వచ్చిన మర్నాడే ఆయన అభిప్రాయం తలకిందులైంది. దుప్పటికి ఇవతల కాఫీ తాగుతూ కూతురి మాటలు విన్నాడు. ఊళ్ళో ఎక్కడో ఒక లిఫ్టు ఆగిపోయింది. లోపల ఒకావిడ ఒంటరిగా ఉంది. అలాంటప్పుడు లిఫ్టులో గంట బొమ్మ ఉన్న బటను నొక్కితే ఆ పిలుపు వచ్చి గువ్వ చెవిలో మోగుతుంది. మెకానిక్‌ను పంపించి, అతను వెళ్ళేదాకా లోపలివాళ్ళకు ధైర్యం చెబుతూ ఉండటం ఆమె పని. ఆవిడ ఏడుస్తున్నట్టుంది.

"మీరు ఒంటరిగా లేరండీ, నేనున్నాను," అంటోంది గువ్వ. "తలుపు తెరుచుకునేదాకా నేనెక్కడికీ వెళ్ళను."

కండక్టరు గారు కాఫీ తాగడం మర్చిపోయాడు. వాగు పొంగి బస్సు నడిరోడ్డు మీద ఆగిపోయిన రాత్రులు ఆయనకు గుర్తొచ్చాయి. అప్పుడు ఆయన చేసింది కూడా ఇదే. ఎవరూ దిగకుండా, ఎవరూ భయపడకుండా తెల్లవారేదాకా కబుర్లు చెప్పాడు. గువ్వ హెడ్‌సెట్ తీయగానే, ఇది మన ఉద్యోగమేనే పిచ్చిదానా, టిక్కెట్లు లేవు గానీ అన్నాడు. గర్వంతో ఆయన గొంతు ఇంకాస్త పెరిగింది.

ఆ గర్వమే కొంప ముంచింది. కాకి పిల్ల కాకికి ముద్దు కావచ్చు, కానీ ఏ కాకీ తన పిల్ల సంగతి ఊరంతా టాంటాం చేసుకుంటూ తిరగదు. కండక్టరు గారి నోట్లో నువ్వుగింజ నానదు. దానికి తోడు ఒకసారి ఆయన తుమ్మిన తుమ్ము లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళ దాకా వెళ్ళింది. అప్పట్నుంచీ గువ్వ పని వేళల్లో ఆయన బయట తిరగాలని ఒప్పందమైంది. ఆయన లైబ్రరీకి వెళ్ళాడు, బట్టల దుకాణాలకు వెళ్ళాడు, పనేమీ లేకపోయినా ఆఫీసు భవనాల్లోకి వెళ్ళాడు. ఎక్కడికి వెళ్ళినా లిఫ్టు ఎక్కాడు. గోడ మీద గువ్వ కంపెనీ ముద్ర కనబడితే చాలు, పక్కనున్నవాళ్ళకు శుభవార్త చెప్పేవాడు. ఇందులో ఇరుక్కున్నా భయం లేదండీ, మా అమ్మాయి చూసుకుంటుంది అనేవాడు. వినేవాళ్ళు నవ్వి, తర్వాతి అంతస్తులో దిగిపోయేవారు.

ఒకరోజు లిఫ్టులో ఎవరూ లేరు. కూతురి గొంతు ఒక్కసారి అటునుంచి వినాలనిపించింది. గంట నొక్కాడు. ఎవరో కుర్రవాడు పలికి, ఏమైంది సార్ అని అడిగాడు. ఏమీ కాలేదు బాబూ, మా గువ్వ ఉందా అన్నాడు కండక్టరు గారు. ఇంకోరోజు ఇంకోచోట నొక్కాడు, ఎవరో అమ్మాయి పలికింది. పాతికమంది పనిచేసేచోట ఎవరికి ఖాళీ ఉంటే వాళ్ళకు పోతుంది పిలుపు. లాటరీ టిక్కెట్టు కొన్నవాడికి మల్లే, రేపు తగలకపోతుందా అనుకుని ఆయన మళ్ళీ మళ్ళీ నొక్కాడు. ప్రతిసారీ గువ్వకు తన ఆశీస్సులు చెప్పమన్నాడు.

ఒక సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేసరికి దుప్పటి పక్కకు జరిపి ఉంది. గువ్వ హెడ్‌సెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సూపర్‌వైజరు ఫోన్ చేశాడట. ఎవరో ముసలాయన ఊరంతా గంటలు నొక్కుతూ నిన్ను అడుగుతున్నాడు, ఎవరాయన అని నిలదీశాడట. పైగా ఆ పూట ఆయన కబుర్లాడుతున్నంతసేపూ, నిజంగా ఇరుక్కున్న ఒకావిడ చీకట్లో లైను మీద ఎదురుచూసిందట. గువ్వ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఈ నెలాఖరున ఆమె మాట్లాడినవన్నీ వింటారు, విని ఉంచడమో పంపడమో తేలుస్తారు. పంపేస్తే ఈ గదీ లేదు, ఈ ఊరూ లేదు.

ఆ చీకట్లో ఎదురుచూసిన మనిషిని తలుచుకుంటే కండక్టరు గారికి సిగ్గు ముంచుకొచ్చింది. ప్యాసింజరును రోడ్డు మీద వదిలేసి బస్సు పోనిచ్చిన కండక్టరు ఎలాంటివాడో ఆయనకు తెలుసు.

"మరి నువ్వేం చెప్పావమ్మా?"

"ఎవరో తెలీదని చెప్పాను నాన్నా."

గువ్వ ఆ అబద్ధం ఆడింది తన వల్లే, తప్పు తనదే. అయినా ఆయనకు కష్టమనిపించింది. మింగనూ లేని, కక్కనూ లేని కష్టం. కాసేపటికి లేచి, ఇక ఆ గంట ముట్టుకోనని కూతురి నెత్తిమీద చెయ్యి పెట్టి చెప్పాడు. లిఫ్టులో ఎవరితోనూ మాట్లాడనని కూడా అన్నాడు. గువ్వకు మొదటిది నమ్మాలనిపించింది, రెండోదానికి నవ్వొచ్చింది.

కానీ ఆయన రెండూ నిలబెట్టుకున్నాడు. ముద్ర కనబడితే ముఖం పక్కకు తిప్పుకునేవాడు. నెలాఖరు దగ్గర పడింది.

ఆ రోజు ఆయన కళ్ళజోడు సరిచేయించుకోవడానికి ఒక పెద్ద ఆసుపత్రి భవనానికి వెళ్ళాడు. లిఫ్టులో ఆయనతో పాటు ఒక పెద్దావిడ, చేతిలో ఫైలు పట్టుకున్న ఒక భారీ మనిషి ఎక్కారు. రెండంతస్తులు దాటాక లిఫ్టు కుదుపుతో ఆగింది. దీపం సగానికి తగ్గింది. ఎవరూ కదలలేదు. గంట బటను సరిగ్గా కండక్టరు గారి చేతి దగ్గరే ఉంది. ఆయన చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"నొక్కండి బాబూ, మీ పక్కనే ఉంది," అంది పెద్దావిడ.

"నేను నొక్కకూడదమ్మా. మీరే నొక్కండి," అని ఆయన పక్కకు జరిగాడు.

ఆవిడ ఆయన్ని వింతగా చూసి తనే నొక్కింది. గోడలోంచి ఒక గొంతు పలికింది. ఇన్నాళ్ళూ నొక్కి నొక్కి వేలు అరిగినా పలకని గువ్వ, వద్దనుకున్న రోజున పలికింది.

ఎంతమంది ఉన్నారు, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని గువ్వ అడిగింది. పెద్దావిడకు మాట రావడం లేదు. భారీ మనిషి తలుపు సందులో వేళ్ళు దూర్చే పనిలో ఉన్నాడు. చెప్పడానికి కండక్టరు గారే మిగిలాడు. ఆయన జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించాడు.

"ముగ్గురమండీ. ఒక అమ్మగారు, ఒక సారు, ఇంకో ప్యాసింజరు. అందరం బాగానే ఉన్నాం."

అటువైపు కీబోర్డు మీద వేళ్ళ చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది. తర్వాత గువ్వ, థాంక్సండీ, మెకానిక్ బయల్దేరాడు అని ఎవరితోనో అన్నట్టే అన్నది. బాగా చేశావే తల్లీ, తెలీనట్టే ఉండు అనుకున్నాడాయన. పైకి మాత్రం పలకలేదు.

ఈలోగా భారీ మనిషి తలుపును జానెడు తెరిచాడు. ఎదురుగా సగం దాకా గోడ, దాని పైన అంతస్తు నేల కనబడుతున్నాయి. ఆ సందులోంచి పాకిపోతానని అతను ఫైలు కింద పడేశాడు. పైన అతని కోసం ఆపరేషను గది ముందు ఎవరో ఎదురుచూస్తున్నారట. వద్దు బాబూ అని కండక్టరు గారు అతని మోచెయ్యి పట్టుకున్నాడు. అతను విదిలించుకుని, నాకు చెప్పడానికి నువ్వెవరు అన్నాడు. కండక్టరు గారి దగ్గర సమాధానం ఉంది. కానీ అది చెప్పకూడని సమాధానం.

శబ్దం విని గువ్వ గట్టిగా చెప్పింది. తలుపు వదలండి సార్, మీరు పాకేటప్పుడు లిఫ్టు కదిలిందంటే ప్రాణం మీదికొస్తుంది అన్నది.

అతను గోడవైపు తిరిగి మండిపడ్డాడు. "నువ్వెక్కడో చల్లగా కూర్చుని చెబుతావు. ఇక్కడుంటే తెలుస్తుంది."

గువ్వ మాట్లాడింది.

"నిజమే సార్, నేనక్కడ లేను. కానీ మా నాన్న ఉన్నారు."

అతను వెనక్కి తిరిగి చూశాడు.

"మిమ్మల్ని వద్దన్నది మా నాన్నే సార్. ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేశారు. ఈ మాటలు రికార్డవుతున్నాయని తెలిసే చెబుతున్నాను. మా నాన్నను లోపల పెట్టుకుని నేను మీకు తప్పు చెప్పను కదా. దయచేసి ఆయన చెప్పినట్టు వినండి. నాన్నా, ఇక మీరు చూసుకోండి."

కండక్టరు గారి కళ్ళు నిండాయి. తుడుచుకునే తీరిక లేదు, డ్యూటీ పడింది. ఆయన అసలు గొంతు బయటికి తీశాడు. ఫుట్‌బోర్డు మీద ఎవరూ నిలబడకండి, లోపలికి జరగండి, జరగండి అన్నాడు. ఆ గొంతుకు ఎంత పెద్ద మనుషులైనా జరగాల్సిందే. భారీ మనిషి తనకు తెలీకుండానే రెండడుగులు వెనక్కి వేశాడు. తలుపు మూసుకుంది. అది మూసుకోగానే లిఫ్టు మూలిగి, కాస్త కిందికి దిగి మళ్ళీ ఆగింది. ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. భారీ మనిషి నెమ్మదిగా నేల మీద కూలబడ్డాడు. కండక్టరు గారు అతని పక్కనే చతికిలబడి, ఆపరేషను గదిలో ఎవరున్నారని అడిగాడు. భార్య అన్నాడతను. తలుపు తెరుచుకునేదాకా ఆయన అతనితో మాట్లాడుతూనే ఉన్నాడు.

మెకానిక్ ముగ్గురినీ బయటికి లాగాక, భారీ మనిషి పైకి పరుగెత్తబోతూ ఆగాడు.

"మీ అమ్మాయా?" అన్నాడు.

ఊరంతా చెప్పుకు తిరిగిన మనిషి, అడిగి మరీ చెప్పమంటే ఒక్క ముక్కే చెప్పగలిగాడు.

"అవునండీ."

ఇంటికి చేరేసరికి గువ్వ సూపర్‌వైజరుతో ఫోన్లో ఉంది. తండ్రిని చూసి స్పీకరు పెట్టింది. అవతలి మనిషి రికార్డు మొత్తం విన్నాడట. ఊరంతా గంటలు నొక్కిన ముసలాయన కూడా ఈయనేనా అని అడుగుతున్నాడు.

"ఆయనే సార్. ఇవాళ నొక్కింది మాత్రం ఆయన కాదు."

"అప్పుడు ఎవరో తెలీదన్నావు."

"తెలుసు సార్. అప్పుడూ తెలుసు."

సూపర్‌వైజరు, అబద్ధం చెప్పినందుకు ఉద్యోగం ఖాయం చేయడం ఒక నెల వెనక్కి పెడుతున్నానన్నాడు. తీసేయవలసిందేనని పైవాళ్ళు అన్నారనీ, ఆ రికార్డు వినిపించాక మరి అనలేదనీ చెప్పాడు. పెట్టేసే ముందు, మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పమన్నాడు.

గువ్వ హెడ్‌సెట్ బల్ల మీద పెట్టి, దుప్పటి పూర్తిగా పక్కకు లాగింది. ఆ గదిలో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్ళు తగులుతాయి. కండక్టరు గారు మంచం మీద సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళ లిఫ్టులో ఇరుక్కున్నామే గువ్వా. గోడలోంచి ఒక పిల్ల మాట్లాడింది. ఎవరి బిడ్డో గానీ..."

గువ్వ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఏమీ తెలీనట్టు కథంతా విన్నది.