అధికమాసం కలిపిన లెక్క

భారతికి ఎనిమిదో నెల మీద నమ్మకం లేదు. ఎనిమిదో నెలలో గర్భిణిని కదపకూడదన్న మాట మీద అసలే లేదు. బి.ఎస్సీ. చదివిన మనిషి. అయితే ఆమదాలవలసలో తన వీధి వీధంతా ఆ మాట నమ్ముతుందన్న సంగతి మీద మాత్రం ఆమెకు గట్టి నమ్మకం ఉంది. అందుకే నెల మార్చేసింది.

పురిటికి కూతుర్ని ఏడో నెలలో తెచ్చుకోవాలి, అది దాటితే తొమ్మిదో నెల దాకా ఆగాలి. శ్రావణి ఏడో నెలంతా ఆడపడుచు పెళ్లి పనుల్లో గడిచిపోయింది. ఇంకో నెల ఆగితే కొంపలేమీ మునగవు. కానీ పక్కింట్లో ఉండే తోడికోడలు చిన్నతల్లి, తన కూతుర్ని కార్తీకమాసం రాగానే మేళాలు పెట్టి మరీ తెచ్చుకుంది. అప్పట్నుంచీ గోడ మీంచి రోజుకు రెండుసార్లు, "మీ శ్రావణిని అత్తోరింకా ఒగ్గలేదేటక్కా?" అని ఆరా తీస్తోంది.

వారం రోజులు విని, ఎనిమిదో రోజున భారతి నౌపడ రైలెక్కింది. వియ్యపురాలు నారాయణమ్మ ముందు కూర్చుని వేళ్లు మడిచింది.

"మొన్న నర్సమ్మ ఏడు నిండినాయనీసి అన్నాది గదా వొదినా?" అంది నారాయణమ్మ.

"ఆ పిల్లది ఇంగ్లీషు లెక్క వొదినా. ఈ ఏడు జ్యేష్ఠమాసం రెండుసార్లు వచ్చినాది కదా, అధికమాసం. అది కలపొద్దా? కలిపితే తొమ్మిదో నెల పడిపోనాది."

నారాయణమ్మ ఉప్పుమళ్లలో పనిచేసి పిల్లల్ని పెంచిన మనిషి. ఆవిడా తన వేళ్లు మడుచుకుని చూసుకుంది, మధ్యలో ఎక్కడో తప్పిపోయి విప్పేసింది. "సదువుకున్నదానివి, నీకు తెలీదేటి," అంది. అప్పుడా మాట భారతికి పొగడ్తలాగే వినిపించింది.

శ్రావణి నోరు తెరవబోతే తల్లి కళ్లెర్రజేసింది. వారాలు రాసి ఉన్న ఆసుపత్రి కార్డు తనే తీసి, హ్యాండ్‌బ్యాగు అడుగున పసుపు కుంకుమ పొట్లాల కింద పెట్టేసింది.

మర్నాడు కోడల్ని దిగబెట్టడానికి నారాయణమ్మ కూడా సారె బుట్టతో బయల్దేరింది. ప్యాసింజరు తిలారు దాటాక శ్రావణి నడుం పట్టుకుంది. "కూకున్న నొప్పే, తగ్గిపోద్ది," అంది భారతి. నారాయణమ్మ ఏమీ అనకుండా కోడలి కాళ్లు తన ఒళ్లో పెట్టుకుని నిమరడం మొదలెట్టింది. ఉర్లాం వచ్చేసరికి శ్రావణి ముఖం చెమటతో తడిసిపోయింది. ఆమదాలవలసలో దిగుతూనే ఆటో ఇంటికి కాక డాక్టర్ అనూరాధ నర్సింగ్ హోముకి పరిగెత్తింది.

డాక్టరు స్కాన్ చేసి, భృకుటి ముడిచి అడిగింది. "ఎన్నో నెలమ్మా?"

"తొమ్మిది. మా వొదిన లెక్కేసి సెప్పినాది," అంది నారాయణమ్మ కొంచెం గర్వంగానే.

"కార్డేదీ?"

"నౌపడలో ఉండిపోయిందండీ," అంది భారతి.

డాక్టరు స్కాన్ తెర వైపోసారి, వాళ్ల వైపోసారి చూసింది. "నొప్పులు నిజం నొప్పులే. బిడ్డ చిన్నగా ఉంది. తొమ్మిదో నెలైతే లోపల ఎదగటం లేదని అర్థం, ఇవాళే కాన్పు చేసెయ్యాలి. ఎనిమిదో నెలైతే ఎదుగుదల బాగానే ఉంది, నొప్పులు ఆపి, ఊపిరితిత్తులు బలపడటానికి రెండు రోజులు ఇంజెక్షన్లివ్వాలి. తప్పు నెల చెబితే నేను తప్పు పని చేస్తాను. ఖాయంగా తొమ్మిదేనా?"

మంచం మీంచి శ్రావణి పళ్ల బిగువున అంది. "అమ్మా, సెప్పు. నువ్వు సెప్పకపోతే నేన్సెప్పేస్తాను."

భారతి బ్యాగు తెరవబోయింది. జిప్పు సగంలో ఇరుక్కుంది. దానికీ ఇప్పుడే దొరికింది సమయం. నర్సు, డాక్టరు, వియ్యపురాలు చూస్తూ ఉండగా దాన్ని లాగి, పొట్లాలు పక్కకు తోసి, కార్డు పైకి తీసింది. కార్డు మీద కొంచెం కుంకుమ రాలింది.

"ముప్పై రెండు వారాలు," అని చదివింది డాక్టరు. "సిస్టర్, మొదటి డోసు ఇచ్చెయ్." తర్వాత భారతి వైపు తిరిగి, "ఎందుకు దాచారు?" అంది.

ఇంట్లో, మనసులో, ఆ కారణం కొండంత ఉండేది. బయటికి చెప్పేసరికి ఇంతే అయింది. "మా తోడికోడలు వాళ్లమ్మాయిని ముందు తెచ్చేసుకుందండి."

డాక్టరు రాస్తున్న పెన్ను ఆగింది. కేసు షీటులో అలాంటివి రాసుకోవడానికి గడి ఉన్నట్టు లేదు.

"మరైతే ఆ అధికమాసం, వొదినా?" అంది నారాయణమ్మ. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. అందుకే భారతి తల ఎత్తలేకపోయింది.

"అలాగ కలపరు వొదినా. అది నేను కల్పించినాను."

నారాయణమ్మ తిట్టి ఉంటే భారతి ఒక మూల కూర్చుని ఏడ్చి తేలికపడేది. ఆవిడ ఆ అవకాశం ఇవ్వలేదు. తన సంచిలోంచి పాత నూలు చీర తీసి చింపడం మొదలెట్టింది. నర్సు చెప్పిందట, నెల తక్కువ బిడ్డకు మెత్తటి పాతబట్టలు ఉడకబెట్టి ఆరేసి పెట్టాలని. టోపీ, మేజోళ్లు కూడా కావాలంది. పుట్టకముందు బిడ్డకేమీ కొనకూడదు, అదీ ఆచారమే. ఈసారి భారతి ఎవర్నీ అడక్కుండా బజారుకు వెళ్లింది.

"ఎంత బాబుకమ్మా?" అన్నాడు కొట్టతను.

"ఇంకా పుట్టలేదు."

అతను కాస్త వింతగా చూసి, కొట్లో ఉన్నవాటిలోకెల్లా చిన్న టోపీ ఇచ్చాడు. నర్సు దాన్ని పిడికిలికి తొడిగి చూసి, "దీన్లో ఇద్దరు పడతారు. దారముంటే మడిచి కుట్టండి," అంది. భారతి వరండాలో కూర్చుని కుట్టింది. కుట్టింది, విప్పింది, మళ్లీ కుట్టింది.

పక్కనే నారాయణమ్మ కొడుకుతో ఫోన్లో మాట్లాడుతోంది. "హరిబాబూ, కంగారు పడకు. నెల తక్కువలోనే నెప్పులొచ్చేసినాయి. మనమే లెక్క తప్పీసినాం నాయినా."

మనమే. సూది భారతి వేలికి దిగింది. ఆవిడ చెయ్యని తప్పును ఆవిడే చీర చెంగులో దాచేస్తోంది. అలా ఊరుకుంటే సరిపోయేది, అల్లుడికి ఎప్పటికీ తెలిసేది కాదు. భారతి లేచి ఫోను అందుకుంది.

"మీయమ్మ తప్పేమీ లేదు బాబూ. నేనే అబద్ధమాడేను. ఎనిమిదో నెలని తెలిసే తీసుకొచ్చేను."

హరిబాబు, "ఆ ఇంజెక్షన్లు పనిసేస్తాయా అత్తా?" అన్నాడు.

"నాకు తెలీదు బాబూ," అంది. ఆ మాట ఆమె ఎవరితోనైనా అనడం చాలా అరుదు.

నొప్పుల్ని మందులతో రెండు రోజులు ఆపారు. పన్నెండు గంటలకో ఇంజెక్షను. నాలుగోది మూడో రోజు పొద్దున్న పడింది. మధ్యాహ్నానికి నొప్పులు ఇంక ఎవరి మాటా వినలేదు. మూసిన తలుపు వెనక నుంచి ముందు ఏమీ వినిపించలేదు, ఆ తర్వాత సన్నగా, పిల్లికూన అరిచినట్టు ఒక ఏడుపు. భారతి కుట్టిన టోపీ పట్టుకుని తలుపు దగ్గరకెళ్లి నిలబడింది.

"ఆడపిల్ల. కేజీ ఏడొందలు. ఊపిరి తనే తీస్తోంది, కొన్నాళ్లు వెచ్చటి గాజు పెట్టెలో ఉంచాలి," అంది నర్సు. మర్నాడు మళ్లీ వచ్చింది. "తల్లి లేవలేకపోతోంది. నాన్నమ్మ గానీ అమ్మమ్మ గానీ ఒకరు రండి, బిడ్డను గుండెలకి ఆనించుకుని కూర్చోవాలి."

"మీరెళ్లండి వొదినా," అంది భారతి.

"నాకు దగ్గున్నాది. నువ్వెల్లు."

"నాకు మొహం సెల్లదు వొదినా."

"అది నిన్ను లెక్కలేటీ అడగదులే. సిగ్గు తరవాత పడుదువు గాని, ముందెల్లి సేతులు కడుక్కో."

కొళాయి దగ్గర భారతి మోచేతుల దాకా సబ్బు రాసుకుంది. కడిగింది. మళ్లీ రాసుకుంది.

"రెండు నిమిషాలు చాలమ్మా," అంది నర్సు.

"ఇంకొంచెం," అంది భారతి.