లోపల ఎవరూ లేని గుడి

సబ్బుల కంపెనీలో ఆమెను అందరూ బొమ్మలక్క అనే పిలిచేవారు. పద్నాలుగేళ్ళుగా అక్కడి అట్టపెట్టెల మీది గులాబీలూ, నిమ్మకాయలూ, నురగలో నవ్వే పసిపిల్లలూ అన్నీ ఆమె చేతివే. కొత్త చందనం సబ్బుకు గుడి బొమ్మ కావాలని మేనేజరు అడిగినప్పుడు అదేమంత పని అనుకుంది.

"లోపల ఏ దేవుణ్ణి వెయ్యమంటారు సార్?"

"ఎవర్నీ వద్దు. ఒక దేవుణ్ణి వేస్తే ఇంకో దేవుడి వాళ్ళు కొనరు. రెండు స్తంభాలు, ఒక దీపం, ఓరగా తీసిన తలుపు. లోపలంతా చీకటి. ఎవరికి కావాల్సినవాళ్ళని వాళ్ళే ఊహించుకుంటారు."

"అంటే దేవుడు లేని గుడన్నమాట."

"మనం అమ్మేది సబ్బమ్మా, దేవుణ్ణి కాదు" అని నవ్వాడాయన.

ఆమె అలాగే వేసింది. తలుపు రెక్కల మధ్య సన్నటి సందు వదిలి, అందులో చిక్కగా నలుపు పూసింది. ఆ నలుపులో ఒక్క గీత కూడా గీయలేదు.

సబ్బు దుకాణాలకు వచ్చింది వచ్చినట్టే అమ్ముడైపోయింది. అంతవరకూ బాగానే ఉంది. రెండో నెలలో బొమ్మలక్కకు ఒక సంగతి తట్టింది. ఏ సబ్బు పెట్టె అయినా మర్నాటికి చెత్తకుండీ చేరుతుంది. ఈ పెట్టె ఒక్కటి కూడా ఏ కుండీలోనూ కనబడటం లేదు. ఆపైన కంపెనీకి ఉత్తరాలు మొదలయ్యాయి. 'లోపలున్న ఆవిడ ఎవరండీ?' అని ఒకరు. 'ఆ పిల్లాడు ఏడుస్తున్నాడా, నవ్వుతున్నాడా?' అని ఇంకొకరు. ఆమె అచ్చు మేస్త్రి దగ్గరికి పరుగెత్తింది. ఆయన భూతద్దం పెట్టి మరీ చూశాడు.

"ఒట్టి నలుపక్కా. నా బుర్ర అంత శుభ్రంగా ఉంది" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి పిన్ని కిటికీ దగ్గర కూర్చుని ఉంది. తల్లి పోయాక బొమ్మలక్కను పెంచింది ఆ పిన్నే. బాబాయి పోయి ఆరేళ్ళయింది. అప్పట్నుంచీ ఇంట్లో వాళ్ళిద్దరే. పిన్ని ఒళ్ళో ఖాళీ సబ్బు పెట్టె ఉంది.

"బాబాయిని భలే వేశావే" అంది మెచ్చుకోలుగా.

బొమ్మలక్క వంగి చూసింది. "ఎక్కడ పిన్నీ?"

"ఇదిగో, చీకట్లో. వెనక్కి తిరిగి నిలబడ్డాడు. ఆ వంగిన ఎడమ భుజం నాకు తెలీదా? పిలిస్తే తిరగడు. అయినా బతికున్నప్పుడు మాత్రం ఎప్పుడు తిరిగాడు గనక!"

పిన్ని పకపకా నవ్వింది. బొమ్మలక్క పెట్టెను దీపం కింద పెట్టి చూసింది. తను పూసిన నలుపే, అంతకు మించి ఏమీ లేదు.

పది రోజులు పోయాక పిన్ని గొంతు తగ్గించి చెప్పింది. "తిరుగుతున్నాడే. నిన్న చెవి కనిపించింది. ఇవాళ బుగ్గ."

వీధి చివర గడియారాలు బాగుచేసే పెద్దాయన ఉండేవాడు. ఆయనా తన బల్ల మీద ఆ పెట్టె పెట్టుకున్నాడు. "మా అమ్మ" అన్నాడు, బొమ్మలక్క అడక్కముందే. "రేపటికల్లా మొహం కనబడుతుంది."

మర్నాడు ఆయన కొట్టు తియ్యలేదు. ఇరుగుపొరుగుతో కలిసి ఆమె కూడా ఆయన ఇంటికి వెళ్ళింది. తలుపు బార్లా తీసి ఉంది. పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. పెద్దాయన లేడు. గది మధ్య నేల మీద సబ్బు పెట్టె, దాని ముందు ఆయన చెప్పుల జత. గుడిలోకి వెళ్ళేవాళ్ళు బయట వదిలినట్టు, పక్కపక్కనే, సర్ది ఉన్నాయి.

ఆమె అక్కణ్ణుంచి సరాసరి మేనేజరు గదికి వెళ్ళింది.

"మంచి పని చేశావు, నేనే పిలుద్దామనుకున్నా. తలుపు ఇంకాస్త తెరవమని జనం అడుగుతున్నారు. ఈసారి బార్లా తీసేయ్."

"ఆ పెట్టె ఆపేయండి సార్. మనుషులు పోతున్నారు."

"ఎక్కడికి?"

ఆమె అప్పుడు చూసింది, ఆయన బల్ల సొరుగు కొద్దిగా తెరిచి ఉంది. అందులో ఆ పెట్టే. మాట్లాడుతున్నంతసేపూ ఆయన కళ్ళు అటే పోతున్నాయి.

"మీకు ఎవరు కనిపిస్తున్నారు సార్?"

ఆయన మెల్లగా సొరుగు మూశాడు. "తలుపు తీసి గీయమ్మా" అన్నాడు. ఆ గొంతు మేనేజరుది కాదు, ప్రాధేయపడేవాడిది.

ఆమె ఉద్యోగం వదిలేసి, రంగులూ కుంచెలూ సంచీలో వేసుకుని ఇంటికి వచ్చేసింది. పిన్ని ఒళ్ళోంచి పెట్టె లాక్కుంది.

"పారేస్తావా? ఆయన్ని చెత్తలో వేస్తావా?" పిన్ని ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది. "ఇంకొక్క పూటే. కన్ను కొస దాకా తిరిగాడు."

"పారెయ్యను పిన్నీ. తలుపేస్తాను, అంతే."

పిన్ని ఏడుస్తూ చూస్తుండగానే ఆ సన్నటి సందును రంగులతో మూసేసింది. చెక్క పలకలు, ఇనుప బొడిపెలు, మధ్యన బలమైన గడియ. ఇంత శ్రద్ధగా ఆమె ఏ బొమ్మా వెయ్యలేదు. పిన్ని మూడు రోజులు పలకలేదు. నాలుగో రోజు అన్నం పెట్టమంది. తింటూ తింటూ అడిగింది.

"గడియ ఎటువైపు పెట్టావే?"

"బయటవైపు."

"సరేలే" అని మళ్ళీ అన్నంలో చెయ్యి పెట్టింది.

తరవాత బొమ్మలక్క బడులకు బోర్డులు రాసుకుంటూ ఇల్లు నెట్టుకొచ్చింది. తలుపులు బార్లా తెరిచిన పెట్టె వేరే ఎవరో గీస్తే బజారులోకి వచ్చింది. ఆమె దుకాణాల వైపు తలెత్తకుండా నడిచేది. పిన్ని క్షేమంగానే ఉంది, వెనకటిలాగే ఎత్తిపొడుపులతో. పెట్టె మాత్రం అలమరలో పై అరలో ఉంది.

ఒక ఆదివారం పొద్దున అలమర తుడుస్తూ బొమ్మలక్క ఆగిపోయింది. గడియ దగ్గర రంగు లేచిపోయి ఉంది, గోటితో గీకినట్టు. ఆమెకు కోపం వచ్చింది. నిద్రపోతున్న పిన్ని దగ్గరికి వెళ్ళి ఆమె వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. గోళ్ళు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. ఎక్కడా రంగు మరక లేదు.

బొమ్మలక్క తిరిగి వచ్చి కుంచె తడిపింది. గడియ మీద ఇంకో గడియ గీసింది.