ఇరవై నాలుగు ఖాళీ పీపాలు

బరువులెత్తే యంత్రం లేనివారు కట్టెల వ్యాపారానికి తగరని రాసిన పెద్దమనుషులు, మా ఊరు కుడీవే ఒడ్డున ఇరవై టన్నుల కట్టెను పడవతో సహా ఎత్తినది ఏమిటో ఎప్పుడు చెబుతారు? పువెర్తో మోంత్ పట్నంలోని రొట్టెల బట్టీల సంఘానికి ఈ ప్రశ్న రెండుసార్లు రాసి పంపాను. జవాబు రాలేదు. కనుక జరిగినది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

ఓతీలియా నవెల్కీన్ భర్త పోయిన నాటి నుంచి, పదకొండేళ్లుగా, ఆ బట్టీలకు కట్టెలు పంపుతోంది. ఆ ఏడాది సంఘం ఆమెను సాధనాల జాబితా అడిగింది. ఆమె చెప్పింది, ఊరి బడి పంతులమ్మను కనుక నేను రాశాను: గొడ్డళ్లు రెండు, ఇద్దరు లాగే రంపం ఒకటి, రెండు వేసవులు కట్టె ఆరే గాలి కొట్టం ఒకటి, ఎద్దుల జత, బండి, తెరచాప పడవ. లారీ, క్రేన్ అన్న గళ్లు ఖాళీగా మిగిలాయి. తిరుగు టపాలో వచ్చిన ఉత్తరంలో పైన చెప్పిన అభిప్రాయంతో పాటు ఒక గడువు ఉంది. శుక్రవారం సాయంత్రానికి సరుకు పువెర్తో మోంత్ రేవులో లేకపోతే, శీతాకాలం బట్టీల బేరమంతా లారీల వ్యాపారికి వెళుతుంది. ఓతీలియాకు ఏడాదంతటికీ ఉన్న బేరం అదొక్కటే. అది పోతే పడవ అమ్ముకోవాలి.

కుడీవేలో రేవు లేదు. సముద్రపు పోటు మీద పడవను ఒడ్డుకు తెస్తారు. నీరు తీశాక అది బురద మీద కూర్చుంటుంది, ఎద్దుల బండి నేరుగా దాని పక్కకు వెళుతుంది. కట్టె నింపడం అయ్యాక తర్వాతి పోటు వచ్చి పడవను ఎత్తుకుపోతుంది. మా చిలోయే దీవిలో ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు.

సోమవారం పౌర్ణమి పోటు అన్నిటికన్నా పెద్దది. ఓతీలియా మరిది బెలర్మీనో ముసలి ఎద్దుల మీద జాలిపడి, అవి నడిచే దూరం తగ్గుతుందని పడవను మరో ఇరవై అడుగులు పైకి తెచ్చాడు. ఇరవై ఆరు బళ్ల కట్టె నింపారు. మంగళవారం మధ్యాహ్నం పోటు వచ్చింది, పడవ పొట్టను తడిమింది, ఆగింది. పడవ మూలిగింది గానీ కదలలేదు. ఆ రోజు నుంచి పోటు ప్రతిసారీ ఇంకాస్త కిందే ఆగుతుంది. మళ్లీ అంత ఎత్తుకు రావాలంటే రెండు వారాలు.

"ఏం మరిదీ, ఇక్కడే దానికో ఇల్లు కట్టిద్దామా?" అంది ఓతీలియా.

"ఎద్దులు అలిసిపోతాయని, వదినా..."

"ఎద్దులు బాగానే ఉన్నాయి. కాడికి కట్టాల్సింది నిన్ను."

"పోనీ సగం కట్టె దింపేద్దాం."

"దింపి, పడవ జరిపి, మళ్లీ ఎక్కించేసరికి శనివారం. పైగా బురదలో దొర్లిన కట్టె. దాంతో రొట్టె కాల్చే బట్టీవాణ్ని ఒక్కణ్ని చూపించు."

ఆమె నీళ్లలోకి దిగి, పడవ పక్కన చెయ్యి ఆనించి చూసింది. "ఇవాళ బెత్తెడు తక్కువ. రేపటికి రెండు." తర్వాత నా వైపు తిరిగింది. "పంతులమ్మా, తప్పయితే చెప్పండి. బెత్తెడు లోతు దిగడానికి ఈ పడవకు మూడు బళ్ల కట్టె పడుతుంది. రెండు బెత్తెళ్లకు ఆరు బళ్లు. నా ఎద్దులు లాగే బండెడు బరువంటే నాలుగు నిండు పీపాలు. ఆరు నాల్గులు?"

"ఇరవై నాలుగు."

"నిండు పీపా ఎంత బరువుతో కిందికి నొక్కుతుందో, ఖాళీ పీపా నీళ్లలో ఇంచుమించు అంత బలంతో పైకి తంతుంది. అవునా?"

ముప్పై ఏళ్లు నేను ఆ సూత్రాన్ని పుస్తకంలోని బొమ్మ చూపించి పాఠం చెప్పాను. సంతకం చేయడం కూడా రాని మనిషి దాన్ని నడుము లోతు నీళ్లలో నిలబడి, తన ఎద్దులతో కొలిచి చెబుతోంది. అవునన్నాను. ఎలా తెలుసని అడిగాను.

"పీపాలు కడిగే ఆడదానికి ఒకరు చెప్పాలా? ఒకటి నీళ్లలోకి నొక్కి చూడండి, మీ చెయ్యి విరుగుతుంది."

యాపిల్ కల్లు తీసే రోజులు దగ్గరపడ్డాయి. ఊళ్లో ప్రతి ఇంటా పీపాలు ఖాళీగా, కడిగి బోర్లించి ఉన్నాయి. ఓతీలియా ఇంటింటికీ వెళ్లి అడిగింది.

"రెండు పీపాలు పోయాయంటే మా ఆయన నన్ను వదిలేస్తాడక్కా" అంది పొరుగింటి ఎర్సీరా గ్వెన్తేవో.

"అయితే మూడివ్వు. పీడ విరగడవుతుంది."

ఎర్సీరా నవ్వుతూ నాలుగిచ్చింది. రెండు కారకుండా ఉండవని ఓతీలియా మొత్తం ఇరవై ఆరు తెచ్చింది. బుధవారం తెల్లవారుజామున, నీరు తీసిన ఆటు వేళ పడవ కింద బురద తవ్వి, తాళ్లు దూర్చి, రెండు పక్కలా పీపాలను అడుగుకు బిగించారు. బిరడాలకు కొవ్వు పూశారు. ప్రతి తాడునూ బురదలో పడుకుని దూర్చినవాడు బెలర్మీనో. ఎవరూ చెప్పకుండానే.

మధ్యాహ్నం నీళ్లొచ్చాయి. తొందర లేదు, చప్పుడు లేదు. మొదట తాళ్లు బిగిశాయి. పీపాలు ఒకదాని తర్వాత ఒకటి కిర్రుమన్నాయి. నీరు నిన్నటి గుర్తుకు బెత్తెడు కిందే ఆగింది. అప్పుడు ఇరవై టన్నుల కట్టె, దాని చుట్టూ ఉన్న పడవ, బురదను విడిచాయి. నిద్రపోతున్న బిడ్డను తల్లి ఒళ్లోకి తీసుకున్నట్టు కాదు. అంతకన్నా నెమ్మదిగా. తెరచాప కొయ్య కొన, ఎదురు కొండకు ఆనించి చూస్తే, వేలెడు పైకి జరగడం నేను చూశాను. జీవితంలో చాలా పుస్తకాలు చదివాను. ఆ వేలెడు ముందు ఏదీ గుర్తు రాలేదు. పక్కనున్న ముసలాయన టోపీ తీశాడు. బెలర్మీనో బురద చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"ఏడుపు తర్వాత, మరిదీ. పడవను లోతుకు లాగి తాళ్లు కొయ్యి" అంది ఓతీలియా.

శుక్రవారం నాలుగింటికి పడవ రేవు చేరింది. కట్టె పొడిగా ఉందని బట్టీలవాళ్లు ఒప్పుకున్నారు. శీతాకాలపు ఒప్పందం రాసిన గుమాస్తా, అది ఎవరి పేరున రాయాలో అడగలేదు. మగవాడి వైపు చూసి, రేవులో విన్న అతని పేరుకు జాబితాలోని ఇంటిపేరు తగిలించి, బెలర్మీనో నవెల్కీన్ అని రాశాడు. ఆ ఇంటిపేరు ఆమె పుట్టింటిది, అతనిది కానే కాదు. "మా వదినది రాయండి, లెక్క ఆమెది" అని బెలర్మీనో మూడుసార్లు చెప్పాడు. గుమాస్తా నవ్వి ముద్ర వేశాడు. పడవ ఉంది, బేరం ఉంది, ఆ కాగితం ఇవాళ్టికీ అలాగే ఉంది.

మీ ఇంట్లోనూ, మీ కార్యాలయంలోనూ ఒకరు చేసిన పనికి మరొకరి పేరు పెట్టిన కాగితం తప్పకుండా ఉంటుంది. ఇవాళే దాన్ని బయటికి తీయండి. ఆ పేరు కొట్టేసి, పని చేసిన మనిషి పేరు రాయండి.