పక్క సీటు

మా నిమ్మనపల్లె నుంచి మదనపల్లెకు పొద్దున అరగంటకో చిన్న బస్సు వేసిన రోజు ఊరంతా సంబరపడింది, నేను తప్ప.

ఆరేళ్లుగా నా భార్య ఉషారాణిని కార్లో మదనపల్లెకు తీసుకెళ్లి, ఆమె పాఠాలు చెప్పే బడి దగ్గర దింపి, ఆ తర్వాతే అక్కడి నా బట్టల కొట్టు తెరిచేవాణ్ణి. కార్లో నా పక్క సీటు ఆమెది. బస్సు వచ్చిన వారానికే, "నేను బస్సులో పోతాలే హరీ, నువ్వు నిమ్మళంగా రా" అంది. మరుసటి రోజు నుంచి ఆ సీట్లో నా టిఫిన్ క్యారియర్ కూర్చుంది.

ఒళ్లు మండిపోయింది. బస్సు మీద కుళ్లుకునే మగాణ్ణి ఈ మండలంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఒకరోజు కారు బస్టాండు ఎదురుగా ఆపి చూశాను. ఆమె కిటికీ దగ్గర కూర్చుని, పక్క సీట్లో కర్చీఫు వేసింది. ఎవరో అడిగితే మనిషి ఉన్నారని చెయ్యి ఊపింది. ఎవరా మనిషి? ఆ రోజు అన్నం సయించలేదు.

మర్నాడు కారు ఇంట్లోనే వదిలి, ఆమె వెనకే బస్సెక్కాను.

"ఏం, కారు చెడిపోయిందా?" అంది.

"ఆ కర్చీఫు ఎవరికి?"

"ప్రిస్కిల్లాకి. ఆస్పత్రిలో నర్సు. తర్వాత స్టాపులో ఎక్కుతాది."

కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ప్రిస్కిల్లా ఎక్కి కర్చీఫు తీసి కూర్చుంటూనే అడిగింది: "అక్కా, మోకాలినొప్పి ఎట్లుండాది?"

"మాత్రలతో కొంచెం తగ్గిండాది."

ఏ మోకాలు? ఏ మాత్రలు?

"నొప్పి ఎన్నాళ్లనుంచి?" అన్నాను.

"రెండు నెల్లు."

"నాకు యాల సెప్పలేదు?"

"ఎప్పుడు సెప్పేది? కార్లో నీకు లారీలోళ్లను తిట్టేదానికే సరిపోతాండె."

చుట్టుపక్కల వాళ్లంతా నవ్వారు. దిగేటప్పుడు ఉషారాణి కర్చీఫు మడిచి నా చేతిలో పెట్టింది.

"రేపు ముందుగా వచ్చి ముగ్గురు కూర్చునే సీటు పట్టు."

ఇప్పుడు రోజూ పడుతున్నాను. కిటికీ దగ్గర ప్రిస్కిల్లా, నడుమ ఉషారాణి, ఈ చివర నేను. ఆమె ముఖం ఎక్కువగా అటువైపే తిరిగి ఉంటుంది. నా కుళ్లు పూర్తిగా పోలేదు. నొప్పి ఉన్న మోకాలు మాత్రం నా వైపు ఉంది.