కుసుమ పక్కన పెట్టిన ఇనుము

నేను ఒక నకలు కత్తిని. కుసుమ పోయిన రోజు ఉదయం నన్ను గోడ మీది నుంచి దించారు. ఆమెను పడుకోబెట్టిన చాప పక్కన ఇనుము ఉండాలనీ, గాలీ ధూళీ సోకకుండా అదే కాపలా అనీ మేనత్త పైడమ్మ చెప్పింది. ఆ కంగారులో వంటింటి కత్తిపీట ఎవరికీ కనబడలేదు. నేను ఎదురుగా ఉన్నాను.

"అది ఇనుమేనా, రేకా?" అని ఎవరో అడిగారు.

"ఇనుమే," అన్నారు సింహాద్రి మాస్టారు. కుసుమ తండ్రి తానే నన్ను చాప పక్కన పెట్టారు.

నేను పుట్టింది బొబ్బిలి దారిలో ఒక కమ్మరి కొలిమిలో. అంతకు ముందు లారీ కింద కమాను కట్టలో ఇనుప బద్దగా బరువులు మోశాను. ఏ యుద్ధమూ చూడలేదు. మాస్టారు బడిలో చరిత్ర చెబుతారు. పుస్తకంలో బొమ్మ చూపిస్తే పిల్లలకు కత్తి బరువు తెలియదని ఒక్కొక్కటిగా నమూనా కత్తులు చేయించుకున్నారు. పదును మాత్రం పెట్టించలేదు. ముందు గదిలో నీలం గోడకు చెక్క మేకులు కొట్టి మమ్మల్ని అమర్చారు. చూడవచ్చిన వారితో "ఇవి అసలువి కావండి, నమూనాలు" అని ముందే చెప్పేసేవారు. వచ్చినవాళ్ళ ముఖాలు అక్కడే చిన్నబోయేవి. ఏ రాజుదో అని అబద్ధం చెప్పి ఉంటే దండం పెట్టి వెళ్ళేవారు.

"దీంతో వంకాయైనా తెగుతాదా మాస్టారూ?" అని పక్కింటి గవరయ్య వచ్చినప్పుడల్లా అడిగేవాడు.

"వంకాయకి మీ ఇంట్లో కత్తిపీట ఉంది కదా బాబయ్యా. దీన్ని చూసి నువ్వు జడిస్తే చాలు," అనేది కుసుమ, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండా.

మా ఒరలన్నీ ఆమె చేసినవే. టేకు బద్దలు జతచేసి, పైన ఎర్ర ముఖమలు గుడ్డ బిగించి కుట్టేది. అందరికంటే చివర వచ్చినదాన్ని నేను. నాకు వంపు ఎక్కువ. అక్కడికి వచ్చేసరికి గుడ్డ ముడత పడేది. కుట్టింది విప్పి మళ్ళీ మొదలుపెట్టింది.

"ఒంకరదానికి ఓపిక ఎక్కువ కావాలి నాన్నా," అని నవ్వింది.

ఏటా దసరాకు మమ్మల్ని దించి, కుంకుమ పెట్టి, వీధివాళ్ళకు చూపిస్తారు. అప్పటికి నా ఒర పూర్తి కావాలి. ఈలోగా ఆమెకు జ్వరం వచ్చింది. ఆసుపత్రికి నడిచి వెళ్ళింది. మోసుకు తెచ్చారు.

అలా నాకు మొదటి కొలువు దొరికింది. పదును లేని కాపలా. రావలసింది అప్పటికే వచ్చి వెళ్ళిపోయింది.

కాటి నుంచి వచ్చాక మాస్టారు నన్ను తుడిచి మేకు మీద పెట్టబోయారు. పైడమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒద్దురా తమ్ముడూ. పీనుగు పక్కనెట్టిన ఇనుము ఇంట్లో ఎట్టకూడదు. మళ్ళీ చావుని తెస్తాది. మనకి ఇంకెవులు మిగిలారని?"

మాస్టారు ఆమె వంక చూశారు. తల్లి లేని కుసుమకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి అది. మొన్నటిదాకా "బంగారు తల్లీ" అని పిలిచిన నోరు అది. ఇలాంటివి ఒట్టి నమ్మకాలని ఆయన ఏటా తరగతిలో చెబుతారు. ఆ రోజు చెప్పలేదు. నన్ను పెరట్లోకి తీసుకువెళ్ళి కట్టెల పాక చూరులో దోపారు.

దసరా వచ్చింది. తక్కిన కత్తులను ఎవరూ దించలేదు. గవరయ్య కూడా వంకాయ మాట ఎత్తలేదు.

చెమ్మకు నా అంచు తుప్పు పడుతోంది. మాస్టారు సాయంత్రం పూట నూనె గుడ్డతో వచ్చి తుడుస్తారు, మళ్ళీ చూరులోనే పెడతారు. ఒకసారి మాత్రం ముందు గది గుమ్మం దాకా పట్టుకువెళ్ళారు. లోపల పైడమ్మ దగ్గింది. ఆయన ఆగిపోయారు.

అప్పుడు నాకు గది కనబడింది. గోడకు నా మేకు ఖాళీగా ఉంది. కుట్టుమిషను మీద ఎర్ర ముఖమలు అలాగే ఉంది, సూది దానికే గుచ్చి ఉంది.

నా ఒర వంపు దాకానే కుట్టి ఉంది.